భారత జాతీయ ఫుట్‌బాల్ జట్లు - తెలుగు క్రీడాకారులు

అంతర్జాతీయ ఫుట్‌బాల్ పోటీలలో భారతదేశానికి పురుషుల జట్టు, మహిళల జట్టు ప్రాతినిధ్యం వహిస్తున్నాయి. ఈ రెండింటి చరిత్రలోనూ తెలుగునాటి క్రీడాకారులకు ముఖ్యమైన స్థానమున్నది.

పురుషుల జట్టు

హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో ఈ జట్టు 1951 (ఢిల్లీ), 1962 (జకార్తా) ఆసియా క్రీడలలో స్వర్ణ పతకాలు సాధించినది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానంలో నిలిచినది. సికింద్రాబాదు క్రీడాకారుడు తులసీదాస్ బలరాం 1956, 1962 జట్లలో సభ్యుడు. ఆ తరువాత జట్టు ఆ స్థాయిని తిరిగి అందుకొనలేదు. 2025 అక్టోబరులో గోవాలో సింగపూర్ చేతిలో 1-2 తేడాతో ఓడి, 2027 ఆసియా కప్ అవకాశాన్ని కోల్పోయినది.

మహిళల జట్టు

ఈ జట్టు 1979, 1983 ఆసియా పోటీలలో ద్వితీయ స్థానం పొందినది. 2022 ఆసియా కప్ స్వదేశంలోనే జరిగినప్పటికీ, క్రీడాకారిణులకు కోవిడ్ సోకినందున మధ్యలోనే వైదొలగవలసి వచ్చినది. 2025లో థాయిలాండ్‌లోని చియాంగ్ మాయిలో అర్హత పోటీలు జరిగినవి. బృందంలో ప్రథమ స్థానం పొందిన జట్టుకే అవకాశం. భారత్ మంగోలియాను 13-0, తూర్పు తైమూరును 4-0, ఇరాక్‌ను 5-0 తేడాతో ఓడించినది. జూలై 5న జరిగిన చివరి ఆటలో, అంతకుముందు రెండు ప్రపంచ కప్‌లు ఆడిన థాయిలాండ్‌పై 2-1 తేడాతో గెలిచినది. అర్హత పోటీల ద్వారా భారత మహిళలు ఆసియా కప్‌కు చేరుట ఇదే ప్రథమం.

గుగులోత్ సౌమ్య

నిజామాబాదు జిల్లాకు చెందిన సౌమ్య ఈ జట్టులో ఫార్వర్డ్. మంగోలియాపై రెండు గోల్స్ చేసినది. 2022లో క్రొయేషియాకు చెందిన డైనమో జాగ్రెబ్ క్లబ్బులో చేరినది. 2024-25 సంవత్సరానికి అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను ఉత్తమ మహిళా క్రీడాకారిణిగా ఎంపిక చేసినది.