గృహ నెట్‌వర్క్ నిల్వ పరికరం – వినియోగం, విస్తరణ

పరిశోధకుడు సేకరించిన తాళపత్రాల ఛాయాచిత్రాలు, క్షేత్రపర్యటనలలోని ధ్వనిముద్రణలు ఒకే ల్యాప్‌టాప్‌లో ఉండటం ప్రమాదకరం. ఇంటి రౌటర్‌కు అనుసంధానించే ‘నాస్’ అనే నిల్వ పరికరం దీనికొక పరిష్కారం. ఇంటిలోని కంప్యూటర్లు ఎస్.ఎం.బి. ప్రోటోకాల్ ద్వారా అందులోని ఫైళ్లను తెరవగలవు. బయటినుండి చేరుకోవడానికి రౌటర్‌లో పోర్టు తెరిచి ఉంచితే పరికరం అపరిచితుల దాడులకు గురికావచ్చు, వి.పి.ఎన్. మార్గం శ్రేయస్కరం.

విస్తరణకు ఆధారం డిస్కుల అమరిక. 1988లో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ తమ పత్రంలో వివరించిన ‘రెయిడ్’ విధానాలలో మొదటిది ప్రతిబింబ పద్ధతి. ఇందులో రెండు 4 టెరాబైట్ల డిస్కులున్నా లభించే స్థలం 4 టెరాబైట్లే. అంతే పరిమాణం గల మూడవ డిస్కును చేర్చి రెయిడ్ 5కు మార్చే సౌకర్యముంటే 8 టెరాబైట్లు లభిస్తాయి. ఖాళీ అర లేనప్పుడు డిస్కులను ఒకదాని తరువాత మరొకటిగా పెద్దవాటితో మార్చాలి. మొదటి కొత్త డిస్కులోకి సమాచారం పూర్తిగా చేరేవరకు రెండవదానిని తీయరాదు. ఆ వ్యవధిలో మిగిలిన పాత డిస్కు చెడిపోతే సర్వం నష్టపోతాము.

అంతేగాక, పొరపాటున తొలగించిన ఫైలు రెండు డిస్కులలోనూ తొలగిపోతుంది. కావున రెయిడ్ ప్రత్యేక ప్రతికి ప్రత్యామ్నాయం కాదు. విస్తరణకు ముందే మరొకచోట ఒక ప్రతిని భద్రపరచి, అది తెరుచుకుంటున్నదో లేదో పరీక్షించడం పరిశోధకుని ప్రథమ కర్తవ్యం.