యుద్ధం కష్టంగా ఉండాలి.. మౌస్ పట్టుకోవడం కాదు!

మైత్రీవనం ముందు ఎవరు కరపత్రం చేతిలో పెట్టినా కాదనకుండా తీసుకునే రోజులవి. బీటెక్ అయిపోయింది. అమీర్‌పేటలో జావా కోర్సు, పంజాగుట్టలో హాస్టల్, గదికి ముగ్గురం. పగలు క్లాసు, రాత్రి నా సొంత ప్రాజెక్టు: పల్నాటి యుద్ధం మీద కంప్యూటర్ స్ట్రాటజీ గేమ్. కారంపూడి మైదానం, ఆరు పలకల గళ్లు, అటు నలగాముడి సేన, ఇటు మలిదేవుడి సేన. ఒక్కో దళానికి పదకొండు అంకెలు పెట్టా. బలం, ధైర్యం, అలసట, తిండి, నీళ్లు, చివరికి గుర్రాల మేత కూడా. ఎంత గర్వమో!

ఓ రాత్రి రూమ్మేట్‌ని కూర్చోబెట్టి ఆడమన్నా. నాలుగు నిమిషాలు చూశాడు. ‘‘ఇంతకీ నేనేం చెయ్యాల్రా?’’ అని లేచి చాయ్ తాగడానికి వెళ్లిపోయాడు. కొన్నాళ్లకు ఓ గేమ్ స్టూడియో ఇంటర్వ్యూలోనూ అదే ప్రశ్న ఎదురైంది. చివర్లో ‘రా’ లేదంతే. ఉద్యోగం రాలేదు.

రెజ్యుమెలో గేమ్ ప్రాజెక్టు పెట్టాలనుకునేవారికి స్ట్రాటజీ గేమ్ మంచి ఎంపికే. పెద్ద గ్రాఫిక్స్ అక్కర్లేదు, మీ లాజిక్ కనిపిస్తుంది. అయితే కోడ్ మొదలుపెట్టే ముందే ఒక విషయం తేల్చుకోండి. మీ గేమ్‌లో కష్టం ఎక్కడుంది? ఏం చేయాలో నిర్ణయించుకోవడంలోనా, నిర్ణయించుకున్నది చేయించడంలోనా? మొదటిది ఆటగాడు కోరి తెచ్చుకునే కష్టం. రెండోది మనం అతని నెత్తిన పెట్టేది.

పొలం కథ

‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్-2’ మీలో చాలామంది ఆడే ఉంటారు. 1999లో అది వచ్చినప్పుడు, పొలం కొంత పంట ఇచ్చాక అయిపోయేది. మళ్లీ మీరే వెళ్లి, 60 కలప ఖర్చుపెట్టి వేయాలి. కోటగోడ దగ్గర యుద్ధం జరుగుతుంటే ఇక్కడ రైతు చేతులు కట్టుకుని నిలబడేవాడు. 2000లో వచ్చిన ‘ది కాంకరర్స్’లో మిల్లు దగ్గర ముందే కలప చెల్లించి పొలాలను క్యూలో పెట్టే వీలొచ్చింది. 2019 నాటి డెఫినిటివ్ ఎడిషన్‌లో ఆ పని కూడా గేమే చూసుకుంటుంది.

ఇందులో వాళ్లు తీసేసిందేంటో గమనించండి. కలప ఖర్చు తీయలేదు. ఉన్న కలప పొలానికి పెట్టాలా, విలుకాళ్లకు పెట్టాలా అన్న తకరారు అలాగే ఉంది. పోయింది క్లిక్ మాత్రమే.

అలాగని క్లిక్కులన్నీ తీసేయడం కూడా సరికాదు. అందరూ ఒకేసారి ఆడే రియల్ టైమ్ గేమ్‌లో ఆటగాడి ధ్యాస కూడా కలపలాంటిదే, దాన్నెక్కడ ఖర్చుపెడతాడన్నదీ పోటీలో భాగమే. అన్నీ గేమే చేసేస్తే ఇక అతను చేసేది సినిమా చూడటమే. వంతులవారీగా ఆడే గేమ్‌కు మాత్రం ఆ సాకు లేదు. నాది వంతుల గేమే!

ఓడిపోతే ఎందుకో తెలియాలి

ఈ గొడవ కంప్యూటర్ కంటే పాతది. 1824లో ప్రష్యా సైన్యంలో రైస్విట్జ్ అనే యువ అధికారి మ్యాపు, పాచికలు, నష్టాల పట్టికలతో ఒక యుద్ధక్రీడను సైనికాధికారుల ముందుకు తెచ్చాడు. శిక్షణకు పనికొచ్చింది గానీ పట్టికలు వెతకడం, లెక్కలు కట్టడం పెద్ద పని అయిపోయేది. 1876లో వెర్డీ దు వెర్నువా అనే మరో అధికారి ఆ లెక్కలు పక్కనపెట్టి, అనుభవమున్న అంపైర్ చెప్పిందే ఫలితం అనే పద్ధతిని ముందుకు తెచ్చాడు.

ఇప్పుడా అంపైర్ కంప్యూటరే. ఎన్ని లెక్కలైనా క్షణంలో చేస్తుంది. నేను బోల్తాపడింది ఇక్కడే. అది చేస్తుంది కదా అని అంకె మీద అంకె కలుపుకుంటూ పోయా. మనిషి అంపైర్నైతే ‘సార్, ఎందుకు ఓడిపోయాను?’ అని అడగొచ్చు. నా గేమ్‌ని అడిగితే జవాబు లేదు.

2018లో వచ్చిన ‘ఇన్‌టు ద బ్రీచ్’ ఆడి చూడండి. ఎనిమిది బై ఎనిమిది గళ్లు, మన చదరంగం బోర్డంత. శత్రువు తర్వాత ఎక్కడ కొట్టబోతున్నాడో ముందే చూపిస్తుంది. అయినా ఒక్కో ఎత్తుకు పది నిమిషాలు తల పట్టుకుంటాం. దాపరికం లేకపోయినా కష్టం తగ్గలేదు.

నేను పదకొండు అంకెల్ని నాలుగుకు తెచ్చా. తిండి, నీళ్లు, మేత కలిపి ‘సరఫరా’ అన్నా. దాడికి ముందు మౌస్ పెడితే లెక్క కనిపించేలా చేశా: మీ బలం 6, శత్రువు కొండ మీద ఉన్నాడు కాబట్టి 2 తగ్గింపు. వంతు ముగిసేలోపు ఎత్తు వెనక్కి తీసుకోవచ్చు, దాక్కున్న శత్రువు బయటపడితే తప్ప. మేత అంకె తీసేటప్పుడు నిజంగా మనసొప్పలేదు. రెండు వారాలు రాసిన కోడ్ మరి.

రూమ్మేట్ మళ్లీ ఆడాడు. నలభై నిమిషాలు. ఓడిపోయి, ‘‘ఆ కొండ వదిలేసి తప్పుచేశా’’ అని తనను తానే తిట్టుకున్నాడు.

ఇక పని సంగతి. యూనిటీలో కోడ్ రాసేది సీ షార్ప్‌లోనే. డాట్‌నెట్ కోర్సులో అదే నేర్పుతారు, జావా వచ్చినవాళ్లకూ కొత్తగా అనిపించదు. గోడో ఇంజిన్ పూర్తిగా ఉచితం. దళాలు దారి వెతుక్కోవడానికి ‘ఏ స్టార్’ అల్గారిథమ్ సొంతంగా ఒక్కసారైనా రాయండి. అవకాశాలు గేమ్ స్టూడియోల్లోనే ఉంటాయనీ అనుకోవద్దు. అమీర్‌పేటకు దగ్గర్లోనే, సనత్‌నగర్‌లో, 1993లో మొదలైన జెన్ టెక్నాలజీస్ సైన్యానికీ పోలీసులకూ శిక్షణ సిమ్యులేటర్లు తయారుచేస్తోంది. శిక్షణకొచ్చే జవాను కూడా మెనూలు నేర్చుకోవడానికి రాడు కదా.

ఇంటర్వ్యూకు ఫీచర్ల జాబితా కన్నా ఓ నోట్‌బుక్ తీసుకెళ్లండి. ఎవరు ఆడారు, ఎక్కడ ఆగారు, మీరేం మార్చారు, అన్నీ తేదీలతో. దాన్ని ఈ శనివారమే మొదలుపెట్టొచ్చు. పక్క గదిలో గేమ్స్ అంటే పడని వాణ్ని పిలిచి, మీ ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టండి. వాడు తప్పు బటన్ నొక్కుతాడు. చెప్పేయాలని మీ నాలుక దురద పెడుతుంది. చెప్పకండి, రాసుకోండి.