బాంబును వాసన పట్టే సెన్సర్లు

2007 మే 18, శుక్రవారం. హైదరాబాద్ మక్కా మసీదులో జుమా వేళ బాంబు పేలి 9 మంది చనిపోయారు. అక్కడే పేలని బాంబు కూడా దొరికింది. అదే ఏడాది ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్‌లలో పేలుళ్లు జరిగిన రాత్రి, దిల్‌సుఖ్‌నగర్‌లో మరో బాంబు పేలకముందే కంటబడింది. ముందే కనిపెడితే ఎన్ని ప్రాణాలు దక్కుతాయో వేరే చెప్పాలా? అందుకే డిచ్‌పల్లి ఈద్గా గేటుకు "బాంబులు పట్టే మిషన్" కొనిద్దామని దాతలు కొందరు మమ్మల్ని అడుగుతున్నారు. అవి ఎలా పనిచేస్తాయో ముందు చూద్దాం.

పేలుడు పదార్థం నుంచి ఆవిరి వస్తుంది, కానీ బహు స్వల్పం. టీఎన్‌టీని ఆనుకుని ఉన్న గాలిలో వంద కోట్ల అణువులకు దానివి పది లోపే. ఆర్‌డీఎక్స్ ఆవిరి అందులో వెయ్యో వంతు. మూత బిగించిన డబ్బాలో ఉంటే అదీ బయటికి రాదు; వచ్చినా ఫ్యాను గాలికే చెదిరిపోతుంది. ఒంటరి సెన్సర్‌ను నమ్మలేం.

కనుక దారి పొడవునా గోడలకు చిన్న సెన్సర్లు పెట్టి, వైర్లు లేకుండా రేడియోతో కలుపుతారు. ఒకటి మోగితే పక్కవాటి లెక్కలూ చూస్తారు. వాసన ఒకదాని తర్వాత ఒకటిగా సెన్సర్లను దాటుతుంటే, ఆ సమయానికి అక్కడ నడిచిన వారి కదలికతో పోల్చి, ఏ సంచి నుంచి వస్తోందో తేలుస్తారు. జర్మనీలో ఫ్రాన్‌హోఫర్ పరిశోధకులు ఈ దారిలోనే పనిచేశారు. ఐఐటీ బొంబాయిలో పుట్టి 2021లో విడుదలైన నానోస్నిఫర్ పద్ధతి వేరు: సంచిని తుడిచిన నమూనాను 10 సెకన్లలోపు పరీక్షిస్తుంది.

మన బోధన్, నిజామాబాద్ వైపు ఇంకో చిక్కుంది. చెరకు, పసుపు రైతుల చేతులకు, గోనె సంచులకు నైట్రేటు ఎరువు అంటుకుని ఉండవచ్చు. అమ్మోనియం నైట్రేటు బాంబుల్లోనూ వాడతారు. సెన్సర్ చెప్పేది పదార్థం గురించే, మనిషి గురించి కాదు. మక్కా మసీదు పేలుడు తర్వాత పట్టుకెళ్లిన యువకులు ఎందరో కోర్టులో నిర్దోషులుగా బయటపడ్డారు. యంత్రం మోగగానే మనిషిని అనుమానించడం కాదు, సంచిని మళ్లీ పరీక్షించాలి.

మోసాలూ ఉన్నాయి. ఏడీఈ 651 అనే చేతి పరికరాన్ని ఇరాక్ చెక్‌పోస్టులకు వేల డాలర్లకు అమ్మారు. లోపల పనిచేసే భాగమే లేదు! అమ్మిన బ్రిటిష్ వ్యాపారికి 2013లో పదేళ్ల జైలు పడింది.

ఏ యంత్రమైనా పోలీసు బాంబు స్క్వాడ్ చూసి సరేనన్నాకే కొంటాం. ఈ ఈద్‌కు మాత్రం గేటు బయట సంచుల కౌంటరు, దారి పొడవునా వాలంటీర్లు, వెడల్పాటి రెండో ద్వారం. దాతల సొమ్ము ముందుగా వీటికి అడుగుతున్నాం.