గుర్రం ధర ఎంత?

ఒకాయన దగ్గర ఆరు గుర్రాలు, 300 రూపాయలు ఉన్నాయి. ఇంకొకాయనకు పది గుర్రాలున్నాయి గానీ 100 రూపాయల అప్పుంది. గుర్రాలన్నీ ఒకే ధరవి. లెక్కేస్తే ఇద్దరి ఆస్తీ సమానమని తేలింది. అయితే గుర్రం ధర ఎంత?

భాస్కరాచార్యుడు 12వ శతాబ్దంలో తన 'బీజగణితం'లో ఇచ్చిన లెక్క ఇది. చరరాశి రెండువైపులా ఉన్న సమీకరణాలంటూ ఇవాళ హైస్కూలు పిల్లలు చేసేవి సరిగ్గా ఇలాంటివే.

తెలియని రాశి ఒకవైపే ఉంటే ఇబ్బంది లేదు. ఒక సంఖ్యను మూడు రెట్లు చేసి 5 కలిపితే 26 వచ్చిందనుకోండి. 26లోంచి 5 తీసేసి, మిగిలిన 21ని మూడుతో భాగిస్తే 7 దొరుకుతుంది. చేసిన పనుల్నే వెనకనుంచి విప్పుకుంటూ వచ్చాం. గుర్రాల లెక్కలో అలా విప్పడానికి చివర ఒక తెలిసిన సంఖ్యంటూ లేదు. ఎటు చూసినా గుర్రం ధర అడ్డొస్తుంది.

కాబట్టి ధరను మనమే ఊహించుకుంటూ పోదాం. గుర్రం ధర సున్నా అయితే మొదటాయన ఆస్తి 300, రెండో ఆయనది మైనస్ 100. తేడా 400. ధర ఒక రూపాయి చేస్తే మొదటాయనది 306, రెండో ఆయనది మైనస్ 90. తేడా 396కి దిగింది. రెండు రూపాయలు చేస్తే 392. ధర రూపాయి పెరిగినప్పుడల్లా మొదటాయనకు 6 రూపాయలు, రెండో ఆయనకు 10 రూపాయలు కలుస్తున్నాయి. అంటే తేడా నాలుగేసి చొప్పున తగ్గుతోంది. 400 తేడా పూర్తిగా తీరాలంటే ధర 100 రూపాయలు కావాలి. సరిచూసుకోండి: 600కి 300 కలిపితే 900, 1000లోంచి అప్పు 100 పోతే 900.

మనం చేసిందల్లా డబ్బులో ఉన్న తేడాను గుర్రాల్లో ఉన్న తేడాతో భాగించడమే. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో, గణితపాదం 30వ శ్లోకం చెప్పే సూత్రం ఇదే. అందులో గుర్రాల బదులు ధర తెలియని 'గుళికలు', వాటితోపాటు నాణేలు ఉంటాయి. ఇద్దరి సంపదా సమానమైతే నాణేల తేడాను గుళికల తేడాతో భాగించమంటాడు ఆర్యభటుడు. ఒక్క శ్లోకంలో ఇంత పెద్ద విషయం ఇమిడిపోవడం నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే.

భాస్కరుడి పద్ధతిలో రెండు పక్షాలనూ ఒకదాని కింద ఒకటి రాస్తారు. తెలియని రాశి 'యావత్తావత్'కు 'యా', మామూలు సంఖ్యకు 'రూ'.

యా 6 రూ 300
యా 10 రూ –100

అప్పున్న సంఖ్యకు అప్పట్లో నెత్తిన చుక్క పెట్టేవారు. మనం మైనస్ పెట్టుకున్నాం. యా కింద యా, రూ కింద రూ ఉన్నాయి కాబట్టి దేన్లోంచి దేన్ని తీసెయ్యాలో కంటికే కనిపిస్తుంది. రెండు పక్షాల్లోంచీ ఆరేసి గుర్రాలు తీసేస్తే ఒకవైపు 300, రెండోవైపు నాలుగు గుర్రాలు, 100 అప్పు మిగులుతాయి. ఇప్పుడు రెండువైపులా వందేసి కలిపితే అప్పు తీరి, నాలుగు గుర్రాల విలువ 400 అని తేలుతుంది.

మన తరగతుల్లో మాత్రం 'పక్షం మారితే గుర్తు మారుతుంది' అన్నది మొదటిరోజే కంఠతా పట్టిస్తారు. ఆ మాట తప్పు కాదు, ముందే చెప్పడం తప్పు. నిజానికి ఏదీ పక్షం మారడం లేదు. సమానమైన రెండింటిలోంచి ఒకే మొత్తాన్ని తీశాం, లేదా రెండింటికీ ఒకే మొత్తాన్ని కలిపాం. ఇది తెలియని పిల్లలు 300లోంచి 100 తీసేసి, 200ని నాలుగుతో భాగించి గుర్రం 50 అంటారు. ఆ ధరకు మొదటాయనకు 600, రెండో ఆయనకు 400 ఉంటాయి. అప్పున్నవాడికీ డబ్బున్నవాడికీ మధ్య ఉన్న దూరం 400 అని, 200 కాదని, ఆస్తి అప్పుల మాటల్లో చెబితే పిల్లలు ఇట్టే పట్టుకుంటారు. 628లో బ్రహ్మగుప్తుడు ధన రుణ సంఖ్యల నియమాలు చెప్పింది కూడా ఈ మాటలతోనే.

భాస్కరుడు అదే లెక్కను మరో రెండు విధాలుగా తిప్పి అడిగాడు. మొదటాయన ఆస్తిలో సగానికి 2 కలిపితే రెండో ఆయన ఆస్తితో సమానమైతే గుర్రం ధర ఎంత? మొదటాయన ఆస్తిలో సగం మూడు గుర్రాలు, 150 రూపాయలు. రెండు కలిపితే 152. అటు పది గుర్రాలు, 100 అప్పు. ఏడు గుర్రాలకు 252, ఒక్కోటి 36. పోనీ, మొదటాయన ఆస్తి రెండో ఆయనకు మూడు రెట్లయితే? దీన్ని మీకే వదిలేస్తున్నాను. ఆ జవాబు కూడా 100, 36 లాగా వర్గసంఖ్యే.

మరి ఇద్దరి దగ్గరా ఆరేసి గుర్రాలే ఉంటే? ధర ఎంత పెంచినా ఇద్దరికీ ఒకే మొత్తం కలుస్తుంది, 400 తేడా 400గానే ఉండిపోతుంది. ఆ సమీకరణానికి సాధన లేదు. ఇద్దరి దగ్గరా 300 కూడా ఉంటే అసలు తేడాయే లేదు. గుర్రానికి ఏ ధర చెప్పినా సరిపోతుంది.