మూర్ఛ ఆపరేషన్ తర్వాత జ్ఞాపకశక్తి తగ్గుతుందేమో ముందే ఎలా తెలుస్తుంది?

మందులకు లొంగని మూర్ఛ చాలామందిలో కణతల లోపలివైపున్న మెదడు భాగంలో మొదలవుతుంది. దాన్ని తీసేస్తే మూర్ఛలు ఆగిపోవచ్చు. కానీ కొత్త జ్ఞాపకాలను నిలిపే హిప్పోకాంపస్ కూడా అక్కడే ఉంది. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే 27 ఏళ్ల యువకుడికి ఆ భాగాన్ని రెండువైపులా తొలగించారు. మూర్ఛలు బాగా తగ్గాయి. అయితే 2008లో చనిపోయేదాకా, అప్పుడే పరిచయమైన మనిషిని సైతం కాసేపటికే మరిచిపోయేవాడు. అంతటి నష్టం ఇంకెవరికీ జరగకూడదు. అందుకే ఇప్పుడు ఒకవైపే, అదీ ఎన్నో పరీక్షల తర్వాతే ఆపరేషన్ చేస్తారు.

ఒక పరీక్షలో 15 మాటలను ఐదుసార్లు చదివి వినిపిస్తారు. అరగంట తర్వాత ఎన్ని గుర్తున్నాయో అడుగుతారు. హిప్పోకాంపస్ కుంచించుకుపోయిందా, నిండుగా ఉందా అనేది ఎంఆర్ఐలో కనిపిస్తుంది. మాట్లాడే పనిని మెదడులో ఏ వైపు చూసుకుంటోందో ఫంక్షనల్ ఎంఆర్ఐ చెబుతుంది.

ఆశ్చర్యమేమిటంటే, పరీక్షలో మార్కులు బాగా వచ్చినవారికే ముప్పు ఎక్కువ. తీసేయబోయే భాగం చక్కగా పనిచేస్తుంటే పోయేదీ ఎక్కువే కదా! అది ముందే దెబ్బతిని ఉంటే నష్టం తక్కువగా ఉంటుంది. ఎడమవైపు ఆపరేషన్ అయితే పేర్లు, మాటలు గుర్తుపెట్టుకోవడం కష్టమయ్యే అవకాశం ఎక్కువ. ఈ అంచనాను ముందే వివరిస్తే, ఆపరేషన్ చేయించుకోవాలో వద్దో రోగి, కుటుంబం ఆలోచించి నిర్ణయించుకోగలుగుతారు.