నలభై దాటాక నాలుగు తీగలు!

పాట వింటున్నప్పుడు మన చెవి దేని వెంట పోతుంది? ముందు గొంతు వెంట. ఆ తర్వాత ఏ ఫ్లూటో, వయొలిన్లో పలికితే వాటి వెంట. ఆ అడుగున గుమ్ గుమ్ మంటూ పాటనంతా భుజాన మోస్తున్న ఆసామి ఒకడున్నాడన్న సంగతి చాలామందికి తట్టనే తట్టదు. ఆ ఆసామి పేరే బేస్ గిటార్!

తట్టకపోవడంలో వినేవాళ్ళ తప్పేమీ లేదు లెండి. బేస్ గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ సెకనుకు సుమారు 41 కంపనాలతో మోగుతుంది. అంత మంద్రాన్ని పలికించే శక్తి వంటింటి గూట్లో పెట్టుకున్న ట్రాన్సిస్టర్ స్పీకరుకి ఎక్కడిది? వివిధభారతిలో పాటలు వింటూ పెరిగిన తరానికి ఆ పాటల అడుగుభాగం సగానికి సగం అందలేదనే చెప్పాలి. అభినందన (1988), గీతాంజలి (1989) పాటల్ని ఇప్పుడు మంచి హెడ్‌ఫోన్ చెవులకి తగిలించుకుని వినండి. ఇళయరాజా బేస్‌ని ఉత్త తాళానికి వాడుకోలేదు. పల్లవి పక్కనే రెండో పాటలా నడిపించారు. సంగీత దర్శకుడు కాకముందు ఆయన తానే గిటారిస్టు. తీగ విలువ తెలిసిన మనిషి!

ముప్పయ్యేళ్ళుగా నోటికొచ్చిన పాటలో ఇంతకాలం వినపడని రాగమొకటి యాభయ్యో ఏట వినపడితే ఏమవుతుంది? కొందరు ‘బావుందే’ అని ఊరుకుంటారు. కొందరికి మాత్రం అది తమ చేత్తో వాయించాలని బుద్ధి పుడుతుంది. పిల్లల చదువులు ఒక గట్టునపడి, ఇంటి అప్పు తీరే వేళకి గిటార్ దుకాణం మెట్లెక్కే పెద్దమనుషులు వీళ్ళే. వీళ్ళలోనే ఇంకో రకం ఉన్నారు. కాలేజీ రోజుల్లో ఏ ఆర్కెస్ట్రాలోనో బేస్ వాయించి, ఉద్యోగం రాగానే దాన్ని అటక మీదికెక్కించి, పాతికేళ్ళ తర్వాత దుమ్ము దులిపి దించేవాళ్ళు. మొదటి రకానికి సిగ్గు ఎక్కువ, రెండో రకానికి బాధ ఎక్కువ. తలలో ఉన్న వేగం వేళ్ళలో లేదని రెండు నిమిషాల్లో తేలిపోతుంది మరి!

‘ఈ వయసులోనా?’ అనేవాళ్ళకి

అసలు బేస్ గిటార్ పుట్టుకే ఒక విచిత్రం. అంతకుముందు మనిషంత ఎత్తు డబుల్ బేస్ ఉండేది. దాన్ని కారు నెత్తిన కట్టుకుని ఊళ్ళు తిరిగేవారు. బ్యాండ్‌లో డ్రమ్స్, ట్రంపెట్లు అందుకున్నాయంటే పాపం దాని ధ్వని ఎవరికీ వినపడేది కాదు. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసే పని చేసిన లియో ఫెండర్ 1951లో దానికొక విరుగుడు కనిపెట్టాడు. మెడలో తగిలించుకునే ఎలక్ట్రిక్ బేస్! మన వీణకున్నట్టే దీనికీ మెట్లున్నాయి కనుక స్వరం కచ్చితంగా పడుతుంది. అందుకే ‘ప్రెసిషన్ బేస్’ అని పేరు పెట్టాడు. అన్నట్టు, ఫెండర్‌కి గిటార్ వాయించడం రాదు!

అంటే ఆ రోజుల్లో దీన్ని చిన్నప్పటినుంచీ నేర్చుకున్నవాడంటూ ఎవడూ లేడు. అందరూ వేరే వాద్యం నుంచి వలస వచ్చినవాళ్ళే. డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీ పాటలకి ప్రాణం పోసిన జేమ్స్ జేమర్సన్ డబుల్ బేస్ వదిలి ఇటు వచ్చాడు. కుడిచేతి చూపుడు వేలు ఒక్కదానితోనే వాయించేవాడు! పాల్ మెకార్ట్నీ 1961లో బేస్ పట్టుకున్నది ఇష్టపడి కాదు. ఉన్న బేసిస్టు మానేస్తే ఇంకెవరూ ముందుకు రాలేదు గనక. రోలింగ్ స్టోన్స్‌లో 1962 డిసెంబర్లో చేరేనాటికి బిల్ వైమన్‌కి 26 ఏళ్ళు. పెళ్ళయింది, కొడుకు పుట్టాడు, ఉద్యోగం ఉంది. చవకలో కొన్న బేస్‌కి మెట్లు పీకేసి, చెక్క కోసేసి తనకి కావలసినట్టు తయారు చేసుకున్నాడు.

అయితే వీళ్ళందరినీ మించిన కథ ఒక ఆడమనిషిది. పేరు కేరల్ కే.

రాని బేసిస్టు చేసిన మేలు

1935లో పుట్టింది. తల్లిదండ్రులిద్దరూ వాద్యగాళ్ళే, కానీ ఇంట్లో డబ్బుకి కటకట. పదమూడో ఏట గిటార్ చేతికొచ్చింది. పద్నాలుగు వచ్చేసరికి ఇంకొకరికి పాఠాలు చెప్పి ఇంటికి నాలుగు డాలర్లు తెచ్చే స్థితికి వచ్చింది. లాస్ ఏంజిలిస్ జాజ్ క్లబ్బుల్లో వాయించి, 1957 నుంచి స్టూడియోల్లో గిటారిస్టుగా నిలదొక్కుకుంది. పిల్లల్ని, తల్లిని పోషించుకోవలసిన బాధ్యత ఆవిడ మీదే. రికార్డింగు పని క్లబ్బులకన్నా మెరుగ్గా డబ్బిచ్చేది.

1963లో హాలీవుడ్ కాపిటల్ స్టూడియోలో ఒక రికార్డింగుకి బేస్ వాయించవలసినాయన రాలేదు. ‘నువ్వు పట్టుకో అమ్మాయ్’ అన్నారు. పట్టుకుంది. అప్పటికి ఆవిడకి 28. మళ్ళీ వెనక్కి చూడలేదు! గిటారిస్టుగా అయితే రికార్డింగుకి మూడు నాలుగు గిటార్లు మోసుకెళ్ళాలి. బేస్ అయితే ఒక్కటి చాలు. ఈ కారణం ఆవిడే చెప్పుకుంది. నాకు మహా ముచ్చటేసింది. కళ, సాధన అంటూ పెద్ద మాటలు చెప్పకుండా మోత బరువు తగ్గిందని చెప్పిన కళాకారిణిని ఎక్కడైనా చూశామా?

ఆ తర్వాత బీచ్ బాయిస్ ‘పెట్ సౌండ్స్’ (1966), సోనీ అండ్ షేర్ పాటలు, గ్లెన్ క్యాంబెల్ పాటలు, ‘మిషన్ ఇంపాజిబుల్’ టీవీ సంగీతం... వేల రికార్డింగులు. పేరు మాత్రం అట్ట మీద ఎక్కేది కాదు. మన మద్రాసు స్టూడియోల్లో మాత్రం ఏమయింది? కోడంబాకం రికార్డింగు థియేటర్లలో రాత్రింబవళ్ళు బేస్ వాయించిన ఎందరి పేర్లు టైటిల్స్‌లో చూశాం? అక్కడా ఇక్కడా అదే వరస.

ఇక అసలు ఘట్టం. 1976లో కేరల్ కారు ప్రమాదానికి గురైంది. ఆ దెబ్బలతో సంగీతం నుంచి సగానికి పైగా తప్పుకోవలసి వచ్చింది. ఎప్పుడో ఒకసారి వాయించడం తప్ప, రోజుకి మూడు నాలుగు రికార్డింగులు చేసిన చేతులకి పనిలేకుండా పోయింది. ఒకటి కాదు, రెండు కాదు, పద్దెనిమిదేళ్ళు! 1994లో ఆపరేషన్ జరిగింది. 59వ ఏట మళ్ళీ బేస్ తగిలించుకుని వాయించడం, రికార్డింగులు చేయడం మొదలుపెట్టింది. వెన్నుకి భారం కాకుండా తేలికపాటి ప్రెసిషన్ బేస్ తయారీలో ఫెండర్ కంపెనీతో కలిసి పనిచేసింది. ఆ తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని దేశదేశాల శిష్యులకి పాఠాలు చెప్పింది.

2025లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వారు గౌరవిస్తామంటే తొంభై ఏళ్ళ ఆ తల్లి వద్దు పొమ్మంది. అరవైల నాటి స్టూడియో వాద్యగాళ్ళ పనికి ఆ గౌరవం అద్దం పట్టదని ఆవిడ వాదన. నా మట్టుకు నాకు ఆ వాదనలో న్యాయం కనిపిస్తుంది.

వేళ్ళు, వెన్ను, పక్కింటివారు

సరే, మనం మొదలెట్టాలంటే ఎలా? మొదట తెలియవలసింది ఇది చిన్న వాద్యం కాదని. మామూలు బేస్‌లో మోగే తీగ పొడవు 34 అంగుళాలు. గిటార్‌కైతే పాతిక, పాతికన్నర. బరువు నాలుగు కిలోలు సుమారు. మొదటి మెట్ల దగ్గర వేళ్ళు బాగా సాచాలి. చిన్న చేతులవారు, వేళ్ళ కీళ్ళు పట్టేసినవారు 30 అంగుళాల షార్ట్ స్కేల్ బేస్ తీసుకోవడం మంచిది. నామోషీ ఏమీ అక్కర్లేదు. మెకార్ట్నీకి పేరు తెచ్చిన హాఫ్నర్ బేస్ షార్ట్ స్కేలే. (1972లో దొంగలెత్తుకుపోయిన ఆయన హాఫ్నర్ తిరిగి చేతికందిందన్న కబురు 2024లో బయటికొచ్చింది. యాభయ్యేళ్ళ తర్వాత ఇల్లు చేరిన వాద్యమంటే అదీ!)

తీగల్లో ఫ్లాట్‌వౌండ్ అని నున్నటి రకం ఉంటుంది. వేళ్ళకి ఒరిపిడి తక్కువ. మొదటి నెల వేలికొసలు మండుతాయి, తర్వాత కాయలు కాస్తాయి. అది మామూలే. కానీ మణికట్టులో, ముంజేతిలో నొప్పి పుడితే మాత్రం ఆపెయ్యాలి. పట్టుదల చూపించే చోటు కాదది. డబుల్ బేస్ వాయించేవారి పద్ధతి ఒకటుంది. కింది మెట్ల మీద చూపుడు వేలు, మధ్య వేలు, చిటికెన వేలు వాడి, ఉంగరం వేలిని చిటికెన వేలికి తోడుగా ఉంచుతారు. పెద్దవాళ్ళ చేతికి ఇది బాగా అచ్చొస్తుంది.

పాఠం మాటకొస్తే, బేస్‌కి మొదటి మెట్టు మన తంబురా దగ్గరే ఉంది. షడ్జమం, పంచమం, పై షడ్జమం. పాటలో కార్డ్ మారినప్పుడల్లా దాని షడ్జమాన్ని సరిగ్గా తాళం మీద వేస్తే చాలు, సగం పాటలు నిలబడతాయి. గిటార్ మీద కార్డ్ పట్టడానికి ఆరు తీగలతో కుస్తీ పట్టేవాడికన్నా బేస్ పట్టినవాడు నలుగురితో కలిసి ముందుగా కూర్చోగలడు. ఆ తర్వాత బాగా వాయించడం అంటారా, దానికి జన్మ చాలదు. అది వేరే సంగతి.

స్వరాల వరసలు కాదు, ముందు కార్డ్‌లో ఉన్న స్వరాలు నేర్చుకోండి అంటుంది కేరల్ కే. సరళీ వరసలతో మొదలెట్టే మనకి ఈ మాట కొంచెం ఎదురుగా తగులుతుంది. మన రాగాల మాట ఎలా ఉన్నా సినిమా పాటకి బేస్ వెయ్యాలంటే ఆవిడ దారే దగ్గర దారి. మెట్రొనోమ్‌ని ఒకటి, మూడు దెబ్బల మీద కాక రెండు, నాలుగు మీద పెట్టుకోమని ఇంకో సలహా. వారం రోజులు తలతిరుగుతుంది. ఆ తర్వాత లయ మనలో నుంచి రావడం మొదలవుతుంది. వయసుకి సంబంధం లేని పని ఇది. మృదంగం వాయించినవాళ్ళు, భజనలో తాళం పట్టినవాళ్ళు ఇక్కడ ఇరవయ్యేళ్ళ కుర్రాళ్ళకన్నా ముందుంటారు.

అపార్టుమెంటుల్లో ఉండేవారికి ఒక మాట. మంద్రధ్వని గోడల్ని లెక్కచెయ్యదు. మీ గదిలో మెల్లగా ఉన్నట్టే ఉండి కింది వాటాలో గిన్నెలు కదులుతాయి. హెడ్‌ఫోన్ పెట్టుకునే వీలున్న చిన్న ఆంప్లిఫయర్ కొనుక్కోండి. కరెంటు తగిలించకపోయినా తీగ మీకు మాత్రం వినపడుతుంది. తెల్లవారుజామున ఇంట్లోవాళ్ళు లేవకముందు సాధన చేసుకోవడానికి అది చాలు.

ఆర్నెల్లు అయ్యాక వాయించేదెక్కడ అని దిగులు పడనక్కర్లేదు. కాలనీ గణపతి నవరాత్రుల దగ్గర్నుంచి ఆఫీసు వార్షికోత్సవం దాకా పాటలు పాడతామనేవాళ్ళు పదిమంది, గిటార్ పట్టుకొచ్చేవాళ్ళు నలుగురు తేలతారు. బేస్ వాయించేవాడి కోసమే ఫోన్లు చేసి వెతుక్కుంటుంటారు!