ఏ కాలానికి ఏ ఆటగాడు?

నిబంధనలు మారిపోయే బాస్కెట్‌బాల్‌లో తరాలను తూచేదెలా? బస్తర్ పిల్లల ఎంపికకూ ఆ లెక్కే కీలకం

మాస్కో ఒలింపిక్స్ (1980)లో భారత్ తరఫున ఆడిన అజ్మీర్ సింగ్ నేటి కోర్టులో నిలదొక్కుకోగలరా? ఏడడుగుల రెండంగుళాల సత్నామ్ సింగ్ ఆ రోజుల్లో పుట్టి ఉంటే? బాస్కెట్‌బాల్ అభిమానులు నలుగురు చేరితే తెగని వాదన ఇది. ఛత్తీస్‌గఢ్ దక్షిణాన ఉన్న బస్తర్‌లో మాత్రం ఇది కాలక్షేపం కబురు కాదు. 2024లో జరిగిన తొలి బస్తర్ ఒలింపిక్స్‌కు 1.65 లక్షల మంది పేర్లు నమోదు చేసుకున్నారు. అంతమందిలో రేపటి ఆటకు ఎవరు పనికొస్తారో తేల్చడానికి కొలమానం కావాలి.

ముందు ఆట ఎంత మారిందో చూడాలి. 1980లో అంతర్జాతీయ మ్యాచ్‌లలో ఎంత దూరం నుంచి బంతి వేసినా రెండు పాయింట్లే. దాడికి గడువు 30 సెకన్లు. 1984లో 6.25 మీటర్ల మూడు పాయింట్ల గీత వచ్చింది. 2000లో గడువు 24 సెకన్లకు తగ్గింది, 20 నిమిషాల రెండు భాగాల ఆట పది నిమిషాల చొప్పున నాలుగు భాగాలైంది. 2010లో గీత 6.75 మీటర్లకు జరిగింది.

పాత స్కోరు పుస్తకం తీసి దూరపు షాట్లన్నిటికీ ఒక్కో పాయింటు కలిపితే తేలిపోతుందా? తేలదు. మూడు పాయింట్లు వస్తాయంటే ఆనాటి ఆటగాడు ఆ షాటే సాధన చేసేవాడు, ప్రత్యర్థి కూడా దాన్ని అడ్డుకోవడం నేర్చేవాడు. శరీరం, శిక్షణ, నిబంధన ఈ మూడింటినీ విడదీస్తేనే పోలికకు అర్థం. ఎత్తు మారదు, దాని ధర మారుతుంది. 2015లో డల్లాస్ మావెరిక్స్ 52వ ఎంపికగా తీసుకున్న సత్నామ్ ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేకపోయారు. బుట్ట కింద నిలిచే భారీ ఆటగాళ్లకు గిరాకీ తగ్గుతున్న రోజులవి.

శిక్షణ ఏం చేయగలదో ఛత్తీస్‌గఢ్‌లోనే కనిపిస్తుంది. ఆట నిబంధనలు మారిన 2000లోనే ఈ రాష్ట్రమూ పుట్టింది. తర్వాతి దశాబ్దంలో కోచ్ రాజేశ్ పటేల్ (2018లో మరణించారు) భిలాయి ఉక్కునగరాన్ని మహిళల బాస్కెట్‌బాల్‌కు పుట్టిల్లుగా మార్చారు. అంజు లక్రా, సీమా సింగ్ జాతీయ జట్టుకు ఎదిగారు. తెలుగు ఇంటిపేరున్న ఆకుల కవిత అమెరికాలో గ్రాండ్ కాన్యన్ విశ్వవిద్యాలయం తరఫున ఆడారు.

భిలాయికి సుమారు 300 కిలోమీటర్ల దూరంలోని బస్తర్ మరో కాలంలో బతికింది. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక ఎన్నో ఊళ్లలో బడులు మూతపడ్డాయి, కొన్ని నేలమట్టమయ్యాయి. తర్వాత వెదురుతో కట్టిన పోర్టా కేబిన్ ఆశ్రమ పాఠశాలలు వాటి స్థానంలో వచ్చాయి. ఆ తరం పిల్లల్లో సత్తా లేదనగలమా? అబూఝ్‌మడ్ గ్రామాలకు మల్లఖంబ్ వంశపారంపర్యంగా వచ్చిన విద్య కాదు. అయినా నారాయణపూర్‌లో శిక్షణ పొందిన అక్కడి పిల్లల బృందం 2023లో 'ఇండియాస్ గాట్ టాలెంట్' టీవీ పోటీ గెలిచింది. నేర్పేవారుంటే కొత్త ఆట ఎంత త్వరగా పట్టుబడుతుందో చెప్పడానికి వేరే రుజువు అక్కర్లేదు.

ఆట కూడా ఇప్పుడు బస్తర్‌కు దగ్గరవుతోంది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో చేరిన ముగ్గురేసి ఆటకు 15 మీటర్ల వెడల్పు, 11 మీటర్ల పొడవున్న స్థలం, ఒక్క బుట్ట చాలు. జట్టుకు నలుగురు. దాడికి 12 సెకన్లే కాబట్టి ఎత్తుతోపాటు చురుకుదనం, ఊపిరి, తక్షణ నిర్ణయం కావాలి. 2008లో బాలిలో జరిగిన ఆసియా బీచ్ క్రీడల్లో భారత మహిళలు ఇలాంటి ఆటలోనే స్వర్ణం సాధించారు.

అందుకే ఎంపిక చేసేవారు టేపుతో ఎత్తు కొలిచి ఊరుకుంటే నిన్నటి ఆటకు మనుషుల్ని వెతికినట్టే. పిల్లలకు తెలియని నిబంధన ఒకటి చెప్పి, వారం రోజులు ఆడించి, ఎవరు ముందుగా దారికొచ్చారో చూడటం మేలు. నేడు పదేళ్లున్న బస్తర్ బాలిక జాతీయ జట్టు వయసుకు వచ్చేసరికి ఆట ఇంకోసారి మారి ఉండొచ్చు. ఆమెకు అప్పుడు అక్కరకొచ్చేది నేర్చుకునే అలవాటు. దాన్ని పెంచాలంటే ఊరికి దగ్గర్లో ఓ బుట్ట, రోజూ వచ్చే ఓ కోచ్ ఉండాలి.